ప్రాచీన రాగి ఎక్కడిది? మూలాన్వేషణ పద్ధతులపై ఒక విమర్శ

దక్షిణ భారత నవీన శిలాయుగం మీద ప్రశ్న వస్తే విద్యార్థులు రాగి గురించి సాధారణంగా రెండు వాక్యాల్లో ఏదో ఒకటి రాస్తారు. "ఈ ప్రజలు రాగిని దగ్గరలోని గనుల నుంచి తీసుకునేవారు" అన్నది మొదటిది. "ఈ రాగి రాజస్థాన్‌లోని ఖేత్రీ నుంచి వచ్చింది" అన్నది రెండోది. ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దాను. మూడో రకం వాక్యం నాకు కనిపించింది చాలా అరుదు. ఇందులో విద్యార్థులను అనవలసింది లేదు. పాఠ్యపుస్తకాలే ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో తేల్చి ముందుకు పోతాయి. ఆ వాక్యం ఏ ఆధారం మీద నిలబడిందో చెప్పవు.

ఆ ఆధారాలను తూచి చూడడమే ఈ వ్యాసం పని. ఉదాహరణలను ఎక్కువగా కడప జిల్లా నుంచి తీసుకున్నాను. జమ్మలమడుగు వైపు నవీన శిలాయుగపు దిబ్బ ఉంది. పులివెందుల వైపు రకరకాల ఖనిజాలున్న రాతి పొరలు ఉన్నాయి. ప్రొద్దుటూరులో పాత లోహాన్ని కరిగించి కొత్తది చేసే వృత్తి ఈనాటికీ సజీవంగా ఉంది. రాగి మూలాన్ని వెతికేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఈ మూడు చోట్లనే మీకు చూపించవచ్చు.

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, జవాబును బట్టి మనం ఊహించే సమాజమే మారిపోతుంది. కుందేరు ఒడ్డున పశువులు మేపుకుంటూ, చిరుధాన్యాలు పండించుకుంటూ బతికిన ఒక కుటుంబం దగ్గర రాగి ఉంగరం ఒకటి ఉందనుకోండి. అది ఖేత్రీ రాగి అయితే, ఆ కుటుంబం వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగిన వినిమయానికి చివరి కొసన ఉన్నట్టు. అది దగ్గరి రాగి అయితే, ఈ ప్రాంతంలోనే ఎవరో రాతిని గుర్తుపట్టి, తవ్వి, కొలిమిలో లోహంగా మార్చగలిగినట్టు. మొదటి చిత్రంలో వీరు పుచ్చుకున్నవారు. రెండోదానిలో ఇక్కడివారు కనిపెట్టినవారు, లేదా నేర్చుకుని సొంతం చేసుకున్నవారు. ఎవరికి ఏ గౌరవం దక్కాలన్నది ఇందులో ఉంది కాబట్టే తొందరపాటు తీర్పులు కూడా ఎక్కువ.

గింజ చెప్పినంత సులువుగా లోహం చెప్పదు

పెద్దముడియం పేరు మీలో చాలామంది చాళుక్యుల కథలో విని ఉంటారు. తూర్పు చాళుక్యుల శాసనాల్లో వచ్చే ముడివేము అగ్రహారం ఇదేనని పండితులు గుర్తించారు. అంతకంటే చాలా ముందే, నవీన శిలాయుగంలో ఇక్కడ జనావాసం ఉంది. దక్షిణాదిన ఈ యుగం క్రీ.పూ. 3000 ప్రాంతంలో మొదలై క్రీ.పూ. 1200 ప్రాంతం వరకు సాగింది. పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి స్థలాల మట్టిని నీటిలో తేల్చి, మాడిన గింజలను ఏరి డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు 2004లో ఫలితాలు ప్రకటించారు. అండుకొర్ర, ఉలవ, పెసర వంటి పంటలు దక్షిణాదిన తొలి సేద్యానికి ఆధారమని ఆ పరిశోధన చూపింది.

ఆ పరిశోధన ఎందుకు నమ్మదగినదో గమనించండి. మాడినా ఉలవ గింజ ఉలవ గింజగానే ఉంటుంది. దాని అడవి జాతులు ఎక్కడ పెరుగుతాయో వృక్షశాస్త్రం చెబుతుంది. రాగి అలా కాదు. ధాతువు కొలిమిలోకి వెళ్లినప్పుడు దాని రూపం, రంగు, స్ఫటికం అన్నీ పోతాయి. మాలకైట్‌లో బరువు లెక్కన 57 శాతం రాగి ఉంటుంది, చాల్కోపైరైట్‌లో సుమారు 34 శాతం. రెండింటి నుంచీ చివరికి వచ్చేది ఒకే రాగి. కంటితో చూసి పుట్టిల్లు చెప్పే వీలు లేదు. పైగా దక్షిణాది నవీన శిలాయుగ స్థలాల్లో దొరికే రాగి వస్తువులు తక్కువ, ఉన్నవీ చిన్నవి. ఎక్కువ భాగం ఆ యుగం చివరి దశకు చెందినవి. ఇంత కొద్ది సామగ్రి మీద అంత పెద్ద తీర్పులు నిలబెడుతున్నామన్న సంగతి మరవకండి.

దగ్గరగా ఉన్నంత మాత్రాన

మొదటి వాక్యానికి ఆధారం సామీప్యం. కర్నూలు, కడప, నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో పాత తవ్వకాల గుర్తులు ఉన్న మాట నిజమే. ఇప్పటి నంద్యాల జిల్లాలోని గని గ్రామంలో పాత రాగి తవ్వకాలు ఉన్నాయి, ఊరి పేరే సాక్షి. జమ్మలమడుగు నుంచి అది సూటిగా వంద కిలోమీటర్ల లోపే. కడప జిల్లాలోని జంగంరాజుపల్లె పాత సీసపు గనులకు ప్రసిద్ధి. వినుకొండ దగ్గరి అగ్నిగుండాల ప్రాంతంలో నల్లకొండ, ధూకొండ రాగికీ, బండ్లమొట్టు సీసానికీ పేరుపడ్డాయి. నెల్లూరు జిల్లా గరిమానిపెంటలో కూడా పాత రాగి తవ్వకాలు ఉన్నాయి.

వీటి గురించి మనకున్న తొలి ఆధునిక సమాచారం చాలావరకు కంపెనీ, బ్రిటిష్ పాలన కాలపు రచనల నుంచి వచ్చింది. బెంజమిన్ హేన్ 1814లో అచ్చు వేసిన వ్యాసాల్లో ఈ వైపు రాగి గనుల ప్రస్తావన ఉంది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై పెద్ద గ్రంథం రాశాడు. గ్రిబుల్ కడప జిల్లా మాన్యువల్ 1875లో వచ్చింది. భారతదేశపు ఆర్థిక ఖనిజాలపై వాలెంటైన్ బాల్ గ్రంథం 1881 నాటిది. ఈ రచనలను గౌరవిస్తూనే ఒక విషయం అడగాలి. వీరు దేనికోసం రాశారు? మళ్లీ తవ్వితే లాభం వస్తుందా అన్నది వారి ప్రశ్న. గుంత కనిపిస్తే "పాత తవ్వకం" అని రాసుకున్నారు. ఎంత పాతదన్నది వారి పనికి అవసరం లేదు. తరవాత కొందరు ఆ "పాత" అనే మాటను పట్టుకుని నవీన శిలాయుగం దాకా తీసుకుపోయారు. ఆ గుంత విజయనగర కాలానిది కావచ్చు, అంతకు వెయ్యేళ్ల ముందుదీ కావచ్చు. తేదీ లేని గుంత చరిత్రకారుడికి సాక్షి కాదు. ఊరి పేరు కూడా అంతే. అక్కడ గని ఉండేదని చెబుతుంది, ఎప్పుడో చెప్పదు.

గని తేదీ తేల్చడం అసాధ్యమేమీ కాదు. రాజస్థాన్‌లో జావర్, రాజ్‌పురా-దరీబా గనుల్లోపల మిగిలిన కలపకు రేడియోకార్బన్ పరీక్ష చేసి, క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలోనే అక్కడ లోతైన తవ్వకం జరిగిందని నిరూపించారు. ఒక మొద్దు, ఒక బొగ్గుముక్క చాలు.

సామీప్య వాదంలో మరో లోపం పులివెందుల వైపు చూస్తే తెలుస్తుంది. వేంపల్లె పేరుతో పిలిచే ఇక్కడి డోలమైట్ శిలలు ఖనిజాల భండారం. రాతినార, ముగ్గురాయి, బలపపు రాయి ఈ ప్రాంతానికి పరిచితమైనవే. తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది. ఆ యురేనియపు రాతిని సూక్ష్మదర్శినిలో చూస్తే చాల్కోపైరైట్, బోర్నైట్ వంటి రాగి ఖనిజాల రేణువులు కూడా కనిపిస్తాయి. అయితే పులివెందులలో రాగి ఉన్నట్టేనా? ఖనిజం ఉన్నట్టు, ధాతువు ఉన్నట్టు కాదు. ఏ ఖనిజం నుంచి ఆనాటి పరిజ్ఞానంతో లోహాన్ని తీయడం సాధ్యమో, తీస్తే కష్టానికి తగిన ఫలం దక్కుతుందో దాన్నే ధాతువు అనాలి. రేణువుల రాగి నేటి ప్రయోగశాలకు కనిపిస్తుంది. క్రీ.పూ. 1500 నాటి మనిషికి కనిపించేది కొండ చరియ మీద పచ్చగా, నీలంగా పూసిన మరక. భూగర్భ పటంలో రాగి గుర్తు చూసి "ఇక్కడ రాగి ఉంది కాబట్టి వాడారు" అని రాయడం అందుకే చెల్లదు.

రసాయన విశ్లేషణ: జాబితాలో లేనివాడు దొరకడు

రెండో వాక్యం, అంటే ఖేత్రీ వాదం, కొంత గట్టి పునాది మీదే మొదలైంది. ఖేత్రీ రాగి మేఖలకు దగ్గరలోని గణేశ్వర్‌లో రాగి వస్తువులు వందల సంఖ్యలో దొరికాయి. ఉదయపూర్ దగ్గరి అహార్‌లో రాగి కరిగించిన లోహమలం దొరికితే కె.టి.ఎం. హెగ్డే దాన్ని విశ్లేషించారు. డి.పి. అగ్రవాల్ 1971లో ప్రచురించిన తామ్ర-కాంస్య యుగ గ్రంథం, వస్తువుల్లోనూ ధాతువుల్లోనూ అతి కొద్దిగా ఉండే మూలకాలను పోల్చి మూలాలను ఊహించే ప్రయత్నం చేసింది. మన దేశంలో ఈ ప్రశ్నను ఊహల స్థాయి నుంచి కొలతల స్థాయికి తెచ్చిన కృషిగా దానికి చరిత్రలో స్థానం ఉంది.

పద్ధతి బలహీనత వేరే చోట ఉంది. ధాతువులోని మూలకాలన్నీ కొలిమిలో ఒకే తీరుగా నడుచుకోవు. వెండి, నికెల్ చాలావరకు రాగితోపాటే నిలుస్తాయి. ఆర్సెనిక్, జింకు ఆవిరై పోతుంటాయి. ఇనుము ఎంత మిగులుతుందన్నది కొలిమి వేడిని, గాలిని బట్టి ఉంటుంది. అంటే వస్తువులో కనిపించే ఆర్సెనిక్ పాలు గనిని గురించి చెప్పినంతగానే పనివాడి చేతిని గురించి కూడా చెబుతుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ పరిశోధకులు యూరప్ లోహ వస్తువులకు ఇరవై వేలకు పైగా విశ్లేషణలు చేసి, వాటిని గుంపులుగా విభజించారు. గుంపులు తేలాయి కాని, ఏ గుంపు ఏ గనిదో చాలా సందర్భాల్లో తేలలేదు. లెక్కల రాశి పెరిగితే జవాబు దానంతటదే వస్తుందన్న నమ్మకానికి అది పెద్ద దెబ్బ.

పోలికకు తీసుకున్న జాబితా సంగతి కూడా ఉంది. పోలీసు స్టేషన్‌లో ముగ్గురినే వరుసగా నిలబెట్టి "వీరిలో ఎవరు?" అని అడిగితే, సాక్షి దగ్గరి పోలిక ఉన్నవాడిని చూపిస్తాడు. అసలువాడు నాలుగోవాడై ఊళ్లో తిరుగుతుండవచ్చు. ఉత్తరాది ధాతువులతో మాత్రమే పోల్చితే దక్షిణాది రాగి కూడా ఉత్తరాదిదిగానే తేలుతుంది. "ఖేత్రీతో సరిపోయింది" అన్న వాక్యం మీకు ఎదురైనప్పుడల్లా, గని, అగ్నిగుండాల, గరిమానిపెంట నమూనాలతో పోల్చారా అని అడగండి.

సీసం ఐసోటోపులు: కాదని చెప్పగలవు, అవునని చెప్పలేవు

మూడో పద్ధతి ఈ చిక్కుల్లో కొన్నింటిని దాటింది. రాగి ధాతువులో కొద్దిగా సీసం ఉంటుంది. సీసానికి 204, 206, 207, 208 అనే నాలుగు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి. 204 పరిమాణం మారదు. తక్కిన మూడూ యురేనియం, థోరియం క్షీణించగా కాలక్రమంలో పెరుగుతూ వస్తాయి. ధాతువు ఏర్పడిన కాలాన్ని బట్టి, దాని చుట్టూ ఉన్న శిలలను బట్టి వీటి నిష్పత్తి ఒక్కో గనికి ఒక్కో విధంగా ఉంటుంది. ముఖ్యమైన విషయమేమిటంటే కొలిమి ఈ నిష్పత్తిని మార్చదు. 1960లలో రాబర్ట్ బ్రిల్ పురావస్తువులకు దీన్ని వర్తింపజేశాడు. తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో గేల్, స్టోస్-గేల్ మధ్యధరా ప్రాంతపు రాగి దిమ్మెల మీద దీన్ని విస్తృతంగా వాడారు.

కడప జిల్లా విద్యార్థులకు ఈ పద్ధతి ఒక విధంగా ఇంటి విషయం. పులివెందుల దగ్గరి యురేనియపు డోలమైట్ వయస్సును కొలిచింది ఈ సీసపు ఐసోటోపులతోనే. జకరయ్య తదితరులు 1999లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆ వయస్సు సుమారు 175 కోట్ల 60 లక్షల ఏళ్లు, అటూ ఇటూ 2 కోట్ల 90 లక్షలు. అదే రాయి మూలాన్వేషణకు ఒక పాఠం కూడా చెబుతుంది. యురేనియం దండిగా ఉన్న రాతిలో 206 పాలు అసాధారణంగా పెరుగుతుంది. గెలీనా అనే సీసపు ధాతువులో యురేనియం దాదాపు ఉండదు కాబట్టి, దాని నిష్పత్తి అది ఏర్పడిన నాడే ఆగిపోతుంది. కాబట్టి ఒకే జిల్లాలోని రెండు రాళ్లు రెండు ఖండాల రాళ్లంత వేరుగా ఉండవచ్చు. వేల కిలోమీటర్ల దూరంలోని రెండు గనులు, ఒకే వయస్సు, ఒకే రకం పరిస్థితులు ఉన్నందువల్ల, కవలల్లా ఉండనూవచ్చు. నిష్పత్తి అనేది గని చిరునామా కాదు.

చైనా అనుభవం దీనికి మంచి దృష్టాంతం. షాంగ్ కాలపు కంచు వస్తువుల్లో, సాన్‌షింగ్‌దుయి వస్తువుల్లో ఇలా అసాధారణంగా 206 పెరిగిన సీసం ఉందని గుర్తించారు. అంత అరుదైన గుర్తు ఉంటే గని వెంటనే దొరకాలి కదా? దశాబ్దాలు గడిచినా అది ఎక్కడిదన్న వాదం ఆగలేదు. గుర్తు ఎంత ప్రత్యేకమైనదైనా, దానికి సరిపోయే గని నమూనా మన దగ్గర ఉంటేనే ఉపయోగం.

అందువల్ల ఈ పద్ధతి గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే: ఫలానా గనిది కాదు అని. సరిపోకపోతే ఆ గనిని నిస్సంకోచంగా కొట్టివేయవచ్చు. సరిపోతే మాత్రం "కావచ్చు" అనే అనాలి. శారదా శ్రీనివాసన్ వందకు పైగా దక్షిణ భారత లోహ విగ్రహాలను సీసపు ఐసోటోపులతో, సూక్ష్మ మూలకాలతో పరిశీలించి 1999లో ప్రచురించిన వ్యాసంలో నాకు నచ్చినది ఈ నిగ్రహమే. ఆమె ఆ లెక్కలను ప్రధానంగా విగ్రహాల కాలాన్ని, శైలులను గుంపులుగా పోల్చడానికి ఉపయోగించారు. కంచు విగ్రహాల్లో సీసాన్ని కావాలని కలుపుతారు. అప్పుడు ఐసోటోపులు చెప్పేది కలిపిన సీసం గురించి, రాగి గురించి కాదు. శాతవాహనుల సీసపు నాణేల విషయంలో ఈ చిక్కు లేదు. అక్కడ కొలిచేదీ, వెతికేదీ ఒకే లోహం.

ప్రొద్దుటూరు మూస

ఇక అన్నిటికంటే మొండి సమస్య. ప్రొద్దుటూరును బంగారం వ్యాపారం వల్ల రెండో బొంబాయి అంటారని మీకు తెలుసు. అక్కడ ఒక కంసాలి దగ్గర కాసేపు కూర్చుని చూడండి. అవ్వ కమ్మలు, అమ్మ గొలుసు, మొన్న కొన్న ఉంగరం ఒకే మూసలోకి వెళ్తాయి. తరుగు లెక్కగట్టి, కొద్దిగా రాగి కలిపి, కొత్త గాజులు చేస్తారు. ఆ గాజుల బంగారం ఏ గనిదని అడిగితే ఏం చెబుతాం? కంచరి దగ్గర పాత రాగి బిందె, చెంబు గతి కూడా ఇదే. రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. ఎన్నిసార్లయినా కరిగించవచ్చు. కరువైన లోహాన్ని ఏ కాలంలోనూ ఎవరూ పారవేయరు.

ఉదాహరణకు ఒక గని రాగిలో 206, 204ల నిష్పత్తి 17, మరో గని రాగిలో 19 అనుకుందాం. రెండింటిలోనూ సీసం సమానంగా ఉండి, సమపాళ్లలో కలిపితే 18 వస్తుంది. 18 ఉన్న మూడో గని ఒకటి ఎక్కడో ఉంటే, ప్రయోగశాల ఆ గని పేరే చెబుతుంది. ఆ గని నుంచి మాత్రం ఒక్క పిసరు రాగి కూడా రాలేదు. బడ్, పొలార్డ్ తదితరులు 1995లో గేల్ బృందం నిర్ధారణలపై లేవనెత్తిన అభ్యంతరాల్లో ఇది ప్రధానమైనది. దిమ్మెలు గని నుంచి నేరుగా వచ్చిన సరుకు కాబట్టి వాటిలో కలగాపులగం తక్కువని ఆక్స్‌ఫర్డ్ వారి జవాబు. టర్కీ తీరంలోని ఉలుబురున్ వద్ద క్రీ.పూ. 1300 ప్రాంతంలో మునిగిన ఓడలో సుమారు పది టన్నుల రాగి దొరికిందంటే, అది గని దగ్గరి సరుకే అనుకోవడంలో అర్థం ఉంది. ఆ వాదంలో ఇద్దరి పక్షానా బలం ఉందని నా అభిప్రాయం. మన విషయానికి వస్తే మాత్రం బడ్ పక్షమే మొగ్గుతుంది. దక్షిణాది నవీన శిలాయుగంలో మన చేతికి వచ్చేవి దిమ్మెలు కావు. ఉంగరం, చిన్న ఉలి, తీగముక్క వంటివి. ఎన్ని చేతులు మారాయో, ఎన్ని మూసలు చూశాయో చెప్పలేని వస్తువులు అవి. మూలం తేల్చడానికి ఇంతకంటే ప్రతికూలమైన సామగ్రి ఉండదు.

చిట్టెం మాట వినాలి

అయితే దారి మూసుకుపోయిందా? వస్తువును వదిలి కొలిమి దగ్గరికి వెళ్లాలని నేను అంటాను. లోహమలాన్ని మన ఊళ్లలో చిట్టెం అంటారు. దానికి ధర లేదు, బరువు ఎక్కువ. ఎవరూ మోసుకుపోరు, తిరిగి కరిగించరు. పుట్టిన చోటే పడి ఉంటుంది. అందులో చిక్కుకున్న రాగి బొట్లు ఆ గని రాగివే. దానితో ఉన్న బొగ్గు రేడియోకార్బన్‌తో తేదీ చెబుతుంది. లోహంలోకి చేరని మూలకాలు అందులో మిగులుతాయి. ముగ్గురాయి కలిసిన ధాతువును కరిగిస్తే బేరియం రాగిలోకి పోదు, చిట్టెంలోనే నిలుస్తుంది. అంటే ముగ్గురాయి పుష్కలంగా ఉన్న నేలలో రాగి కరిగించి ఉంటే, దాని జాడను ఉంగరంలో వెతకడం వృథా, చిట్టెంలో వెతకాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. దత్త మండలాల్లో ఇనుము కరిగించిన కొలిములు ఎన్నో ఉండేవి కాబట్టి, కనిపించిన ప్రతి చిట్టెం రాగిది కాదు. విరిచిన చోట పచ్చటి మరక ఉందో లేదో చూడడం మొదటి మెట్టు. తక్కినది ప్రయోగశాల పని.

ఈ ఆధారం ఎక్కువ కాలం మన కోసం వేచి ఉండదు. చేను చదును చేసినప్పుడు, రోడ్డుకు గులకరాయి కావలసి వచ్చినప్పుడు ముందుగా పోయేవి ఇలాంటి కుప్పలే. పాత గుంతలున్న చోట కొత్త గని తవ్వితే పాతది మాయమవుతుంది. విగ్రహానికి, నాణేనికి కాపలా ఉంది. చిట్టెం కుప్పకు లేదు. మీలో ఎవరి ఊళ్లోనైనా అలాంటి కుప్ప ఉంటే దాన్ని కదపకుండా ఫొటో తీసి, చోటు వివరంగా రాసి, పురావస్తు శాఖకు తెలియజేయండి. ముక్కలు ఇంటికి తెచ్చుకోవద్దు. చోటు తెలియని చిట్టెం విలువ మామూలు రాయి విలువే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కుందేరు ఒడ్డున ఒక దిబ్బలో రాగి తీగముక్క దొరికిందని ఊహించండి. దాని సీసపు నిష్పత్తులు ఖేత్రీతో సరిపోలేదు. గని గ్రామపు ధాతువుతో సరిపోయాయి. గనిలోని పాత తవ్వకానికి తేదీ లేదు. ఆ తీగను చూసిన ఒకరు "కడప ప్రాంతపు నవీన శిలాయుగ ప్రజలు గనిలో రాగి తవ్వేవారు" అని రాశారు. ఈ వాక్యంలో ఏ భాగానికి ఆధారం ఉంది, ఏ భాగానికి లేదు? ఆధారం ఉన్నంత మేరకే ఆ వాక్యాన్ని మీ మాటల్లో తిరిగి రాయండి. ఆ తరవాత, మిగిలిన భాగాన్ని కూడా నిలబెట్టాలంటే మొదట ఎక్కడ, ఏమి వెతకాలో పది పంక్తులకు మించకుండా రాయండి.